సాస్కటూన్‌లో ఒక ఇంటి కథ తవ్వాలంటే

కెనడాలోని సాస్కటూన్ చరిత్ర అనగానే అందరూ 1883లో మద్యం వాసన లేని ఊరు కడదామని మనుషుల్ని తెచ్చిన జాన్ లేక్ దగ్గర మొదలెడతారు. మీరు ఒక ఇంటి నంబరు పట్టుకోండి చాలు. అద్దె ఇల్లయినా పరవాలేదు. నేను నుటానా పేటలో మేముంటున్న ఇంటితోనే మొదలెట్టాను.

ముందు సెంట్రల్ లైబ్రరీ వారి లోకల్ హిస్టరీ రూమ్‌లో హెండర్సన్ డైరెక్టరీలు అడగండి. ఊళ్ళో ఎవరెక్కడ ఉంటారో, ఏం పని చేస్తారో ఏటేటా అచ్చేసిన లావుపాటి పుస్తకాలివి. వీధుల భాగంలో మీ నంబరు వెతకండి. పేరు దొరికిందా, ఇక పేర్ల భాగానికి వెళ్తే ఆయన వడ్రంగో, రైల్వే గుమాస్తాయో తేలిపోతుంది. తర్వాత ఒక్కో ఏడూ వెనక్కి జరగండి.

1912 నుంచి 1914 దాకా మాత్రం తొందరపడకండి. 1901లో 113 మంది ఉన్న ఊరు 1911కల్లా 12,004 మందైంది. ఎవరి నోట విన్నా స్థలాల బేరాలే. 1913లో ఆ బూమ్ కుప్పకూలింది. నిరుడు మేస్త్రీ పేరున్న నంబరు పక్కన ఈ ఏడు ‘వేకెంట్’ అని కనిపిస్తే అక్కడ ఆగండి. పెద్దపెద్ద భవనాల ఫొటోలకన్నా నాకు ఆ ఒక్క మాటే ఎక్కువ చెబుతుంది.

రెండు చోట్ల జాగ్రత్త. ఇప్పటి ఐడిల్‌విల్డ్ డ్రైవ్ పాత పుస్తకాల్లో దొరక్కపోతే ‘అవెన్యూ ఎ’ కింద చూడండి. ఇక మొదటి రోజుల కాగితాల్లో సాస్కటూన్ అంటే సౌత్ సస్కాచెవాన్ నది తూర్పు ఒడ్డు, అంటే నేటి నుటానా. 1890లో వచ్చిన రైలు స్టేషను పడమటి ఒడ్డున వెలిసింది, కొన్నేళ్ళకి ఊరి పేరు కూడా నది దాటేసింది.

పేరు చేతికొచ్చాక జనాభా లెక్కలు చూడండి. మానిటోబా, సస్కాచెవాన్, అల్బర్టా అనే ప్రెయిరీ రాష్ట్రాలకి 1906, 1916, 1926లలో విడిగా లెక్కలు తీశారు. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వెబ్‌సైట్‌లో అవి ఉచితం. 1916 పేజీలో వయసు, పుట్టిన దేశం, మతం, కెనడాకి వచ్చిన ఏడు ఉంటాయి. 92 ఏళ్ళు నిండాకే బయటపెడతారు కనుక 1931 తర్వాతవి ఇంకా రాలేదు. వలస వచ్చిన యుక్రేనియన్ల పేర్లు లెక్కలవాళ్ళు చెవికి తోచినట్టు రాసుకున్నారు; ఇంటిపేరుతో దొరక్కపోతే సొంత పేరు, వయసు కలిపి వెతకండి. మన ఇంటిపేర్లకి ఇక్కడ పట్టే గతి తెలిసిందేగా!

పెద్దవాళ్ళు చెప్పే కథ ఏదైనా ఉంటే మైక్రోఫిల్మ్ మీద, అంటే పేజీల్ని ఫొటో తీసి ఉంచిన రీళ్ళ మీద, పాత పత్రికలు తిప్పండి. ‘సిటీ ఆఫ్ మెడిసిన్ హ్యాట్’ స్టీమరునే తీసుకోండి. కెప్టెన్ హొరేషియో రాస్ నడుపుతుండగా 1908 జూన్ 7న ట్రాఫిక్ బ్రిడ్జిని గుద్దుకుని బోల్తాపడింది. ప్రాణనష్టం లేదు కాబట్టి ఊరు దాన్ని ఇప్పటికీ నవ్వుతూనే చెప్పుకుంటుంది. ఆ రోజు ఆదివారం, కాబట్టి రీలుని సోమవారం నుంచి తిప్పాలి.

డైరెక్టరీల్లో అందరూ ఉండరని మాత్రం మరవకండి. 1882లో జాన్ లేక్‌కి ఈ చోటు చూపించింది డకోటా ఆదివాసీల నాయకుడు వైట్‌క్యాప్. ఆ ప్రజల కథ కావాలంటే ఊరికి దక్షిణాన వైట్‌క్యాప్ డకోటా నేషన్ ఉంది. అంతకన్నా వెనక్కి, వేల ఏళ్ళ నాటి బైసన్ (అడవి దున్న) వేట ఆనవాళ్ళ కోసం, ఉత్తరాన వనుస్కేవిన్ పార్కుకి వెళ్ళండి.