ఎర్రగడ్డ మొగ్గలో డీఎన్‌ఏ అతుకును చూడడం, దాని వెనక ప్రోటీన్ల పనిని చదవడం

రాయలసీమ డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) వేళ్ల కొనలతో సమవిభజనను, అంటే కణం తనలాంటి రెండు కణాలుగా చీలడాన్ని, చూపించడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. క్రోమోసోముల సంఖ్య సగానికి తగ్గే క్షయకరణ విభజన దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాఠ్యపుస్తకంలోని బొమ్మే దిక్కవుతోంది. సమజాత క్రోమోసోములు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జంట) ముక్కలు మార్చుకుంటాయనే మాట అందరికీ కంఠతా వస్తుంది గాని, ఆ మార్పిడి కోసం కణం తన డీఎన్‌ఏను తానే తెంచుకుంటుందని, తెగిన చోటును ప్రోటీన్లు వరుసగా వచ్చి అతికిస్తాయని చాలామందికి తట్టదు. కర్నూలు మార్కెట్ యార్డుకు రాశులుగా వచ్చే ఎర్రగడ్డనే నాటి పూత పూయిస్తే, సాధారణ సూక్ష్మదర్శినితోనే ఆ అతుకుల ఫలితాన్ని కళ్లారా చూడవచ్చు. ఎర్రగడ్డ జన్యుసముదాయం (మొత్తం డీఎన్‌ఏ) మనిషి జన్యుసముదాయానికి సుమారు 5 రెట్లు పెద్దది, క్రోమోసోములు మాత్రం 16. అందుకే ఒక్కొక్కటీ దిట్టంగా, విడిగా కనిపిస్తుంది.

మొదట మొగ్గల సంగతి చూడాలి. చలికాలం మొదట్లో గడ్డలను కుండీలో నాటినా సరే, విత్తనం కోసం గడ్డలు నాటిన రైతు అనుమతితో పొలం నుంచి తెచ్చుకున్నా సరే. కాడ చివర పూగుత్తిని కప్పి ఉండే పలుచని పొర అప్పుడే చిట్లిన గుత్తిని, ఉదయం ఎండ ముదరకముందే కోయాలి. ఒకే గుత్తిలో వేర్వేరు వయసుల మొగ్గలుండడం మనకు కలిసొచ్చే విషయం. కోసిన వెంటనే, అక్కడికక్కడే, మూడు వంతుల ఇథైల్ ఆల్కహాలు, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలిపిన ద్రావణంలో మొగ్గలను వేయాలి. కాలేజీకి వెళ్లాక వేద్దామనుకుంటే విభజన దశలు చెదిరిపోతాయి. ఒక రోజు ఉంచాక 70 శాతం ఆల్కహాలులోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే చాలా రోజులు పాడవకుండా ఉంటాయి. గ్లేషియల్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది కనుక గాలి ఆడేచోట, చేతితొడుగులతోనే పని చేయాలి.

అసలు ఓర్పు కావలసింది సరైన పరాగకోశాన్ని (పుప్పొడి తయారయ్యే తిత్తిని) ఎంచుకోవడంలో. ఒక మొగ్గలో ఆరు పరాగకోశాలుంటాయి. పచ్చగా, పసుపుగా మారినవాటిలో పుప్పొడి అప్పటికే తయారై ఉంటుంది కాబట్టి అవి పనికిరావు. లేతగా, పారదర్శకంగా ఉన్న చిన్నవాటితో మొదలుపెట్టి క్రమంగా పెద్ద మొగ్గలవైపు వెళ్లాలి. ఒక పరాగకోశాన్ని స్లైడు మీద అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కలో ఉంచి, ఇనుప సూదులతో చిదిమి, లోపలి పరాగ మాతృకణాలను (విభజన చెంది పుప్పొడినిచ్చే కణాలను) బయటికి రప్పించాలి. సూది నుంచి దిగే కొద్దిపాటి ఇనుము రంగును క్రోమోసోములకు బాగా పట్టిస్తుంది కనుక ఇక్కడ స్టీలు సూది కన్నా ఇనుప సూదే మేలు. పరాగకోశపు గోడల తునకలను ఒక్కటి కూడా మిగలకుండా తీసేశాకే కవర్ స్లిప్ వేయాలి, ఎందుకంటే ఆ తునక ఒక్కటి మిగిలినా కణాలు పలచగా పరుచుకోవు. స్పిరిట్ దీపం మీదుగా స్లైడును రెండు మూడుసార్లు పోనిచ్చి, చేతి వెనకభాగం ఓర్చుకోగల వేడి దాటకుండా చూసుకొని, బ్లాటింగ్ పేపరు మడతలో పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. కవర్ స్లిప్ పక్కకు జరిగితే ఆ స్లైడు మళ్లీ చేసుకోవడమే.

క్షయకరణ విభజన తొలి దశల్లో ఒకటైన పాకిటీన్ ఎర్రగడ్డలో దారపు ఉండలా కనిపిస్తుంది, దానితో కుస్తీ పడనక్కర్లేదు. దాని తర్వాత, క్రోమోసోములు పొట్టిగా, దిట్టంగా మారే డయాకైనెసిస్, మొదటి మెటాఫేజ్ దశల కణాలను వెతకాలి. చక్కగా పరుచుకున్న కణంలో 8 జంటలు లెక్కకు వస్తాయి. ఉంగరంలా ఉన్న జంటలో రెండు భుజాల మీదా కనీసం ఒక్కొక్క కయాస్మా (ముక్కలు మార్చుకున్న చోట కనిపించే కూడలి) ఉన్నట్టు, కడ్డీలా సాగిన జంటలో ఒక భుజం మీదే ఉన్నట్టు అర్థం. డయాకైనెసిస్‌కు ముందుండే డిప్లోటీన్ దశ కణాలు దొరికితే కత్తెర గుర్తుల్లాంటి ఆ కూడళ్లను నేరుగా లెక్కపెట్టవచ్చు. కార్మిన్ రంగు క్రోమోసోమును చూపిస్తుందే తప్ప ప్రోటీన్లను చూపించదు, కాబట్టి వాటి పనిని ఫలితాన్ని బట్టి ఊహించి చదవాలి.

ఆ చదవడం ఇలా సాగాలి. ప్రతి కయాస్మా వెనక స్పో11 అనే ప్రోటీను చేసిన కోత ఒకటి ఉంటుంది. ఈస్టులో ఈ ప్రోటీను పాత్ర 1997లో స్పష్టమైంది. మొక్కల్లో దీని రెండు రూపాలు కలిసి డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంచి, తెగిన కొనలకు తామే అతుక్కొని ఉండిపోతాయి. ఎంఆర్‌ఈ11, రాడ్50 ప్రోటీన్లున్న సముదాయం వాటిని వదిలించాక, ఒక పోగు కొంతమేర అరిగి, రెండో పోగు తోకలా ఒంటరిగా మిగులుతుంది. ఆ తోక చిక్కుపడకుండా ఆర్‌పీఏ అనే ప్రోటీను కాపాడుతుంది.

ఇక్కడే క్షయకరణ విభజనకు ప్రత్యేకమైన నిర్ణయం జరుగుతుంది, నా దృష్టిలో ఇది మొత్తం కథకు కీలకం. బీఆర్‌సీఏ2 అనే ప్రోటీను సాయంతో రాడ్51, డీఎంసీ1 అనే రెండు ప్రోటీన్లు ఆ తోక మీద మరచుట్టులా పేరుకొని, తనతో సరిపోయే వరుస కోసం వెతుకుతాయి. మామూలు కణంలో తెగిన డీఎన్‌ఏ పక్కనే ఉన్న సోదర క్రొమాటిడ్‌ను (అదే క్రోమోసోము నకలును) చూసి బాగవుతుంది. క్షయకరణ విభజనలో మాత్రం క్రోమోసోము అక్షం మీది ప్రోటీన్లు ఆ దారిని నిరుత్సాహపరిచి, డీఎంసీ1ను సమజాత క్రోమోసోమువైపు నడిపిస్తాయి. ఆవ కుటుంబపు అరాబిడాప్సిస్ మొక్కలో డీఎంసీ1 లేకుండా చేసినప్పుడు కోతలు సోదర క్రొమాటిడ్‌తో బాగయ్యాయి, 5 జంటలకు బదులు 10 ఒంటరి క్రోమోసోములు కనిపించాయి. రాడ్51 లేనప్పుడైతే క్రోమోసోములు ముక్కలైపోయాయి. సూక్ష్మదర్శినిలో ఒంటరి క్రోమోసోములకూ ముక్కలకూ మధ్య తేడా ఎందుకు పట్టించుకోవాలో దీనివల్ల తెలుస్తుంది: మొదటిది వినిమయం (ముక్కల మార్పిడి) జరగలేదనడానికి గుర్తు, రెండోది మరమ్మతే జరగలేదనడానికి గుర్తు.

అయితే కోతలన్నీ వినిమయాలు కావు. అరాబిడాప్సిస్‌లో ఒక కణానికి సుమారు 150 నుంచి 250 కోతలు పడితే, వినిమయాలు 10 దాకా మాత్రమే వస్తాయి. జతకూడిన పోగులను ఎంఎస్‌హెచ్4, ఎంఎస్‌హెచ్5 అనే ప్రోటీన్లు పట్టి నిలిపితే, వాటిలో ఎక్కువ భాగాన్ని ఎంఎల్‌హెచ్1, ఎంఎల్‌హెచ్3 జంట వినిమయంగా ముగిస్తుంది. మిగిలిన చోట్ల ఎఫ్‌ఏఎన్‌సీఎం వంటి ప్రోటీన్లు పోగులను విడదీసి, ముక్కల మార్పిడి లేకుండానే మరమ్మతు పూర్తిచేయిస్తాయి. అందువల్ల మీరు లెక్కపెట్టే కయాస్మాల సంఖ్యను కోతల సంఖ్యగా ఎన్నడూ రాయకూడదు.

ఫలితాలు రాసుకునేటప్పుడు కణానికి ఒక వరుస కేటాయించి, ఉంగరాలు, కడ్డీలు, ఒంటరి క్రోమోసోములు, ముక్కలు వేర్వేరు గడుల్లో నమోదు చేయాలి. నొక్కుడు ఎక్కువైనప్పుడు జంటలు విడిపోయి ఒంటరివిగా భ్రమింపజేస్తాయి కనుక, చితికిన కణాలను లెక్కలోకి తీసుకోకూడదు. కర్నూలు ఎర్రగడ్డను, కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లిని పక్కపక్కన పోల్చదలచినవారు రెండింటి మొగ్గలనూ ఒకే రోజు కోయాలి. ఉష్ణోగ్రత మారితే మొక్కల్లో వినిమయాల సంఖ్యా, స్థానమూ మారగలవు. మన సీమలో మాఘం దాటగానే ఎండ ముదురుతుంది కాబట్టి, మొగ్గలు కోసిన తేదీతో పాటు ఆ వారంలోని గరిష్ఠ ఉష్ణోగ్రతలను కూడా అదే పట్టికలో రాసి ఉంచాలి.