సమయం, ఓపిక, ప్రాధాన్యం – మూడవ పాఠం: ఓపిక ఉన్న వేళను గుర్తించడం

మొదటి పాఠంలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన మూడు విషయాలను రాసుకున్నారు. రెండవ పాఠంలో వారంలోని 168 గంటలు ఎటు పోతున్నాయో లెక్క కట్టారు. నా లెక్కలో నిద్రకు 52, ఉద్యోగానికి 45, రాకపోకలకు 12, వంటకూ ఇంటిపనులకూ 28 గంటలు పోగా 31 మిగిలాయి. ముప్పై ఒక్క గంటలు చేతిలో ఉంచుకుని కూడా అనంతపురంలో ఉన్న అమ్మతో పది నిమిషాలు మనసు పెట్టి మాట్లాడలేకపోయానంటే, నాకు కరువైనది సమయం కాదని అప్పుడు అర్థమైంది. ఓపిక అనే మాటలో సత్తువా ఉంది, సహనమూ ఉంది. మొదటిది అయిపోయిన వేళ రెండోదాన్ని ఎంత వెతికినా దొరకదు.

ఈ వారం చేయవలసిన పని చిన్నదే. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే వరకు, రెండు గంటలకొకసారి, రెండవ పాఠంలో గంటల లెక్క రాసుకున్న పట్టికలోనే ఆ వేళ గడి పక్కన ఒక అంకె వేయండి: కష్టమైన పనికైనా సిద్ధంగా ఉంటే 2, అలవాటైన పని మాత్రమే సాగేలా ఉంటే 1, ఏదీ చేయబుద్ధి కాకపోతే 0. అంకెను ఆ వేళకే వేయాలి. రాత్రి కూర్చుని రోజంతా గుర్తు చేసుకుంటూ వేస్తే, అప్పటి అలసటే ఉదయానికి కూడా అంటుకుని లెక్క తప్పుతుంది.

అంకెలు వేసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య 0 పడితే మిమ్మల్ని మీరు నిందించుకోకండి. భోజనం మానేసినా సరే, చాలామందిలో ఆ వేళకు చురుకుదనం తగ్గడం శరీరంలోని గడియారం తీరు. ఇక కాఫీ తాగిన వెంటనే పడిన 2 చుట్టూ వలయం గీయండి. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది కనుక, సాయంత్రం ఐదింటికి దర్శినిలో (బెంగళూరు చిన్న టిఫిన్ హోటల్లో) తాగిన కాఫీ రాత్రి పదింటికి కూడా కొంత పనిచేస్తూనే ఉంటుంది; ఆ 2ను మీరు ఆ రాత్రి నిద్రలోంచి అప్పు తెచ్చుకున్నారన్నమాట.

నా పట్టికలో ఏం బయటపడిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పద్ధతి అంతా అందులోనే ఉంది. అమ్మకు నేను ఫోన్ చేస్తున్నది అమెరికా వాళ్లతో సమావేశాలు ముగిశాక, రాత్రి తొమ్మిదిన్నరకు. ఆ గడిలో వారమంతా 0. ఆమె ఏదో చెబుతుంటే ముక్తసరిగా ఊఁ కొట్టి పెట్టేసేవాణ్ణి. మా అబ్బాయికి బడిలో తెలుగు లేదు కాబట్టి ఇంట్లో నేనే అక్షరాలు నేర్పాలనుకున్నాను. అదీ రాత్రి ఎనిమిదిన్నరకే పెట్టుకుని, వాడు ‘ఖ’ రాయడంలో తడబడితే విసుక్కునేవాణ్ణి. మరోవైపు, 2 పడిన శనివారం ఉదయాన్ని కూరగాయలకూ బిల్లుల చెల్లింపులకూ ఖర్చు పెడుతున్నాను. బెంగళూరులోని కాడుగోడిలో మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్డుకు వెళ్లే సుమారు ముప్పావుగంటలో కూడా 2 పడింది. వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) స్టేషను వరకు మెట్రో ఊదా మార్గం 2023 అక్టోబరులో పూర్తయ్యాక కారు నడిపే శ్రమ తప్పింది. కాడుగోడి చివరి స్టేషను కనుక కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. అయినా ఆ వేళంతా ఫోన్ తెర చూడటానికే పోయేది.

మార్చింది రెండే. అమ్మ పూజ ముగించుకునే ఉదయం ఎనిమిదిన్నరకు, రైల్లో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నెమ్మదైన గొంతుతో మాట్లాడుతున్నాను. అక్షరాలు శనివారం ఉదయానికి వచ్చాయి. అక్కడున్న కూరగాయలూ బిల్లులూ ఆదివారం సాయంత్రానికి, 1 పడిన గడిలోకి వెళ్లాయి. ఒక్క గంట కూడా కొత్తగా పుట్టలేదు.

ఒకేసారి అన్నీ మార్చవద్దు. పట్టిక చేతికి రాగానే ఉత్సాహం కొద్దీ వారమంతా తిరగరాసి, పది రోజులకు విడిచిపెట్టడం నాకూ అనుభవమే.

బెంగళూరులో అమెరికా వేళలతో ముడిపడిన ఉద్యోగులకు ఇంకొక జాగ్రత్త అవసరం. అక్కడి తూర్పు తీరంలో ఉదయం 9 గంటలకు జరిగే సమావేశం వేసవిలో మనకు సాయంత్రం 6.30కు వస్తుంది, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు వెనక్కి జరిగాక అదే 7.30 అవుతుంది, మార్చి రెండవ ఆదివారం నుంచి మళ్లీ 6.30. మన గడియారం కదలదు కానీ సాయంత్రాలు కదులుతాయి. ఆ రెండు తేదీల తరువాత వారం రోజులు అంకెలు కొత్తగా వేసుకోండి.

అభ్యాసం: ఏడు రోజుల అంకెలు పూర్తయ్యాక, మీ మూడు ముఖ్య విషయాల్లో 0 గడిలో ఇరుక్కున్న ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని 2 ఉన్న గడికి మార్చండి, అక్కడి నుంచి కదిలిన పని ఏ గడికి వెళ్లిందో తేదీతో సహా రాసిపెట్టండి. ఆ 2 ఉన్న గడినే తమకివ్వమని ఇంట్లోవాళ్లో ఆఫీసువాళ్లో అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది నాలుగవ పాఠం, దానికి ఈ పట్టిక దగ్గర ఉండాలి.