రాళ్ల మీదికి పడవను చేర్చడం

నీటి అడుగున రాళ్లున్న చోట గేలం వేస్తే చేప పడుతుంది. పక్కనే ఇసుక మీద వేస్తే పొద్దంతా ఎదురుచూపే. రెంటికీ మధ్య ఒక్కోసారి ఇరవై బారల దూరం కూడా ఉండదు. అందుకే మా నాన్న నాకు గేలం కంటే ముందు గుర్తులు నేర్పారు, భీమిలి ఎదుట, చిన్న పడవలో.

ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి కనిపించే రెండు గుర్తులు ఎంచుకోండి. మాకు ముందున్నది పాత లైట్‌హౌస్, వెనుకున్నది పావురాళ్లకొండ వాలు. అవి ఒకే వరుసలోకి వస్తే మీరు ఒక గీత మీద ఉన్నారు. కానీ ఆ గీత మీద ఎంత దూరంలో ఉన్నారో తెలియదు. దాన్ని కోసే ఇంకో గీత కావాలి. నైరుతికి తిరిగితే రుషికొండ, దాని వెనుక కైలాసగిరి వరుసలోకి వస్తాయి. ఈ రెండు గీతలూ దాదాపు లంబంగా కోసుకుంటాయి, అదే వీటి గొప్పతనం. ఇరుకు కోణంలో కోసుకునే గీతలను నమ్మకండి. కంటి పొరపాటు కాస్తంతే అయినా చోటు చాలా దూరం జరిగిపోతుంది.

పడవ కదులుతుంటే లైట్‌హౌస్ కొండ వాలు మీదుగా మెల్లగా జారుతున్నట్టు కనిపిస్తుంది. ఒడ్డుకేసి చూస్తూ, అది కొండ గుర్తుకు ఎడమ పక్కన ఉంటే పడవను ఎడమకు, కుడి పక్కన ఉంటే కుడికి పోనివ్వండి. దగ్గరి గుర్తు ఎటుంటే అటే వెళ్లాలి. నాన్న ఈ ఒక్క ముక్కను వందసార్లు చెప్పించుకుని ఉంటారు.

జీపీఎస్ కూడా వాడండి, నేనూ వాడతాను. సిగ్నల్ లేని చోట కూడా ఫోను చోటు చెబుతుంది. అయితే అంకెలు రాసే పద్ధతి చూసుకోండి. ఒకసారి మా బావమరిదికి 17 డిగ్రీల 51.500 నిమిషాలని చెప్పాను, అంటే 51 నిమిషాల 30 సెకన్లు. అతను 51 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కించుకున్నాడు. అక్షాంశంలో ఒక నిమిషమంటే 1,852 మీటర్లు. పడవ 600 మీటర్లకు పైగా ఉత్తరానికి వెళ్లిపోయింది, సగం రోజు వృథా. అప్పటి నుంచి ‘యాభై ఒకటి పాయింట్ ఐదు సున్నా సున్నా’ అని అంకె అంకె పలికి, తిరిగి చెప్పించుకుంటున్నాను.

చేరాక సీసపు గుండుకు అడుగున గ్రీజు పూసి దించండి. ఇసుక అంటుకుని వస్తే ఇంకా రాళ్ల మీదికి రాలేదు. గ్రీజు శుభ్రంగా, నొక్కుకుపోయి వస్తే వచ్చేశారు.

లంగరు మాత్రం అక్కడే వేయకండి. ప్రవాహానికి ఎదురుగా, వదలబోయే తాడు పొడవంత ముందుకు వెళ్లి వేయండి. తాడు సాగేకొద్దీ పడవ వెనక్కి వచ్చి రాళ్ల మీద నిలుస్తుంది. అప్పుడు రెండు వరుసలూ మళ్లీ చూడండి. చలికాలం ఉదయాల్లో మంచుకు కైలాసగిరి కనిపించకపోవచ్చు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న మూడో జత గుర్తులు కూడా పుస్తకంలో రాసి ఉంచుకోండి.