వయొలిన్ పట్టే ముందు

- ఎడమచేతి గోళ్లు కత్తిరించుకోండి. తీగకు గోరు తగిలితే స్వరం చెడుతుంది.

- తీగల మీద రాసి వాయించే కమాను వెంట్రుకలను వేలితో తాకవద్దు. జిడ్డు అంటితే తీగను పట్టవు. తీగను పట్టేందుకు ఆ వెంట్రుకలకు రుద్దే రోజిన్ (గట్టిపడిన చెట్టు బంక) బిళ్ల కొత్తలో అద్దంలా నున్నగా ఉంటుంది. గరుకు కాగితంతో పైపైన గీరాకే కమానుకు రుద్దండి. ఇది తెలియక హనుమకొండలో మా ఇంట్లో వారం రోజులు మూగ వయొలిన్‌తో కుస్తీ పట్టాను. పక్కింటివారికి అదే మంచి వారం.

- శ్రుతి చేసేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి, సన్నతీగ తెగితే చెంపకు కొడుతుంది. తీగను బిగించే బిరడాను లోపలికి నొక్కుతూ వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేశారో, తీగలను మోసే చెక్క బ్రిడ్జి పడిపోతుంది. లోపల ఊతంగా నిలబెట్టిన చిన్న కర్ర కూడా పడితే ఇక బాగుచేసేవారి దగ్గరకే.

- ఓరుగల్లులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కారులోనో కిటికీ పక్కనో పెట్టి మరచిపోతే అతుకుల జిగురు విడిపోతుంది. వానాకాలంలో బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, బలవంతం చేయవద్దు.

- కింద కూర్చుని సరళీ వరుసలు (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) మొదలుపెట్టేవారు వయొలిన్ తలను కుడి చీలమండ దగ్గర ఆనించాలి. భుజాలు బిగించవద్దు.

- లేచేముందు కమాను మర వదులు చేయండి. తీగల మీది రోజిన్ పొడిని మెత్తని పొడిగుడ్డతో తుడవండి.