ఆటలు ఆడనివారు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు: విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఎంచుకునే పద్ధతి

ఇంటర్ ఫలితాలు వచ్చి పిల్లలు డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరే రోజుల్లో ఒంగోలు, నెల్లూరు ట్రంకు రోడ్ల మీది దుకాణాలకు ల్యాప్‌టాప్ కోసం వచ్చేవారిలో చాలామందికి మొదట వినిపించే మాట, ‘గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకోండి, పదికాలాలు పనికొస్తుంది’ అనేది. గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద బొమ్మలను తయారుచేసే విడి భాగం. టంగుటూరు దగ్గర పొగాకు సాగుచేసే మా బంధువు ఒకరు ఆ మాట నమ్మి, బీకాం చదివే కూతురికి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నారు. రెండు కిలోలకు పైగా బరువున్న ఆ యంత్రాన్ని, ఇటుకంత ఛార్జరును ఆ అమ్మాయి రోజూ బస్సులో మోసుకెళ్తోంది. అందులో ఆమె చేసే పని టాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ పాఠాలు మాత్రమే. ఆ డబ్బులో కొంత మంచి తెర మీద, ఎక్కువ ర్యామ్ (పని జరిగేటప్పుడు యంత్రం వాడుకునే తాత్కాలిక మెమరీ) మీద పెట్టి ఉంటే ఆమెకు ఎంతో మేలు జరిగేది.

ప్రాసెసర్‌తో పాటే వచ్చే గ్రాఫిక్స్‌ను దుకాణాల్లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. ఉత్తరాలు, లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, వీడియో కాల్స్, సినిమాలు, ఫొటోలు దిద్దుకోవడం, ఆటోక్యాడ్‌లో మామూలు ప్లాన్లు గీయడం వంటి పనులన్నిటికీ అది సరిపోతుంది. త్రీడీ రెండరింగ్ రోజువారీ పనిగా ఉన్నవారికి, పెద్ద పెద్ద వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలవారికి, ఎన్విడియా కార్డు మీదే నడిచే మెషీన్ లెర్నింగ్ పనులు చేసే విద్యార్థులకు మాత్రం విడి కార్డు అవసరమే. మీరు ఆ మూడు వర్గాల్లో లేకపోతే దానికోసం ఖర్చు పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ర్యామ్. విడి కార్డుకు దాని సొంత మెమరీ ఉంటుంది, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు సాధారణంగా అది ఉండదు కనుక ల్యాప్‌టాప్ ర్యామ్‌లోంచే కొంత భాగం వాడుకుంటుంది. అందువల్ల 8 జీబీ అని రాసి ఉన్న యంత్రంలో 8 జీబీ అంతా మీ పనికి మిగలదు. ఈ రోజుల్లో 16 జీబీ తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎంత ఉందన్నదే కాక ఎలా అమర్చారన్నది కూడా చూడాలి. 3200 వేగం గల డీడీఆర్4 రకం ర్యామ్ ఒకే స్లాట్‌లో (ర్యామ్ ముక్కను గుచ్చే గాడిలో) ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ సమాచారం నడుస్తుంది, అదే రెండు స్లాట్లలో రెండు ముక్కలుగా ఉంటే 51.2 జీబీ నడుస్తుంది. గ్రాఫిక్స్ కూడా ఆ దారినే వాడుకుంటుంది కాబట్టి, దారి ఇరుకైతే ఎంత మంచి ప్రాసెసర్ అయినా తెర మీద నెమ్మదిస్తుంది. ఇంటెల్ 11వ తరం నుంచి 13వ తరం వరకు వచ్చిన ఎన్నో ఐ5, ఐ7 ల్యాప్‌టాప్‌లలో ఐరిస్ ఎక్స్ఈ అనే గ్రాఫిక్స్, ఒకే ఛానల్‌లో, అంటే ఒకే దారిలో, ర్యామ్ ఉన్నప్పుడు ఆ పేరుతో కాక యూహెచ్‌డీ అనే తక్కువ పేరుతో కనిపిస్తుంది.

దీన్ని దుకాణంలోనే, డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు. ప్రదర్శనకు పెట్టిన యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ కింద మెమరీని ఎంచుకుంటే ఎన్ని స్లాట్లకు ఎన్ని నిండాయో, జీపీయూను ఎంచుకుంటే గ్రాఫిక్స్ పేరేమిటో కనిపిస్తాయి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న మోడళ్లలో తర్వాత పెంచుకోవడం కుదరదు కనుక, అలాంటివి కొంటే మొదటే 16 జీబీ ఉన్నది కొనాలి.

ప్రాసెసర్ పేర్లు జనాన్ని తికమకపెట్టేలా ఉంటాయి. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో మూడో అంకెను చూడండి: 7520యూలోని 2 పాతదైన జెన్ 2 నిర్మాణాన్ని, 7530యూలోని 3 జెన్ 3ను, 7840యూలోని 4 జెన్ 4ను సూచిస్తాయి. మొదటిదానిలో ఉండే రేడియాన్ 610ఎం చాలా చిన్న గ్రాఫిక్స్, చివరిదానిలోని 780ఎం దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. పెట్టె మీద 7000 అని చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఇంటెల్ 8వ తరానికి, రైజెన్ 3000కు ముందున్నవాటి జోలికి వెళ్లకండి, అవి దాదాపు ఏవీ విండోస్ 11కు అర్హమైనవి కావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఫైళ్లు దాచే డిస్కు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన రకం) అయి ఉండాలి, 512 జీబీ చాలు.

తెర విషయంలో మన ప్రాంతపు అవసరం ఒకటి చెప్పాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నల్లని రాయిలో బంగారు రంగు చుక్కలతో ఉంటుంది, పలకల ఫొటోలు దూరదేశాల కొనుగోలుదారులకు పంపే కార్యాలయాల్లో ఆ చుక్కలు తెర మీద సరిగా కనిపించకపోతే ఫొటో బాగుందో లేదో తేల్చలేరు. తెర చూపగల రంగుల పరిధిని ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనే కొలమానాలతో చెబుతారు. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు పాలిపోయి కనిపిస్తాయి, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ఐపీఎస్ రకం తెర తీసుకోండి. రొయ్యల చెరువు గట్టు మీద, వరండాలో కూర్చొని లెక్కలు చూసుకునేవారికి కనీసం 300 నిట్ల వెలుతురు ఉండాలి. ఆఫీసులో పెద్ద తెరకు కలిపేవారు హెచ్‌డీఎంఐ (తెర కేబుల్ పెట్టే పోర్టు) వెర్షన్ అడగండి, 1.4 అయితే 4కె తెర 30 హెర్ట్జ్ (సెకనుకు 30 చిత్రాలు) దగ్గరే ఆగిపోతుంది.

మే నెలలో ఒంగోలు, నెల్లూరు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే చిప్‌లో, ఒకే ఫ్యాను కింద ఉంటాయి కనుక వేడెక్కితే రెండూ కలిసి నెమ్మదిస్తాయి. గాలి పీల్చే రంధ్రాలు అడుగున ఉన్న యంత్రాన్ని పరుపు మీద పెట్టి వాడకండి. గ్రానైట్ దుమ్ము ఉన్నచోట ఏడాదికొకసారైనా ఫ్యాను శుభ్రం చేయించండి. మరో మేలు ఏమిటంటే, యూ అక్షరంతో ముగిసే ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 45 నుంచి 65 వాట్ల ఛార్జరుతోనే నడుస్తాయి కనుక కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టరు మీద పెద్ద భారం పడదు.

బడ్జెట్ కుదరక ఒకే స్లాట్‌లో 8 జీబీ ఉన్నది కొంటే రెండో స్లాట్ ఖాళీగా ఉన్న మోడల్‌నే ఎంచుకోండి. తర్వాత అదే రకం, అదే వేగం ఉన్న మరో 8 జీబీ ముక్కను, వారంటీ నిబంధన అడిగి తెలుసుకుని, సర్వీసు సెంటరులోనే వేయించండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. ఆ పని అయ్యాక అక్కడే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే స్లాట్లు రెండూ నిండినట్టు చూపిస్తుంది, ఐరిస్ ఎక్స్ఈ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ అయితే యూహెచ్‌డీ అన్న పేరు పోయి ఐరిస్ ఎక్స్ఈ అని కనిపిస్తుంది.