చలికాలపు కీళ్ల నొప్పి: బామ్ రాసే ముందు మందుల సంచి తెరవండి

ధనుర్మాసం వచ్చి తెల్లవారుజామున మంచు పట్టడం మొదలైందంటే, కావలిలోని మా మందుల షాపుకు కీళ్ల నొప్పులతో వచ్చేవారు పెరుగుతారు. అందరూ చెప్పే కారణం ఒక్కటే, చలి. కాపడం పెట్టడం, బామ్ రాయడం, మోకాలికి ఉన్ని తొడుగు వేసుకోవడం ఎవరికీ నేర్పనక్కరలేదు. అవన్నీ చేసినా తగ్గనివారు కూడా చేయని పని ఒకటుంది. రోజూ వేసుకునే మాత్రలన్నిటినీ బల్ల మీద పరిచి, ఏది ఏ నెలలో మొదలుపెట్టారో, నొప్పి ఏ నెలలో మొదలైందో ఒక కాగితం మీద రాసుకోవాలి. చలి ఏటా వస్తుంది. నొప్పి ఈ ఏడే కొత్తగా వచ్చిందంటే, ఈ ఏడు ఒంట్లోకి కొత్తగా వెళ్లిన మందు ఏమిటో ముందు చూడాలి.

రెండు తొడలు, పిక్కలు, భుజాలు ఒకే తీరుగా లాగుతుంటే

ఇది చాలాసార్లు కీళ్ల నొప్పి కాదు, కండరాల నొప్పి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాల్లో, లేదా మోతాదు పెంచిన తరువాత వచ్చిందేమో చూడండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి, విటమిన్ డి లోపం ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. వైద్యుడు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే రక్తపరీక్ష) చేయించి మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఆ మాత్రను సొంతంగా మానేయడం ప్రమాదం. నొప్పితో పాటు నీరసం, టీ డికాషన్ రంగులో మూత్రం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక్క కీలే, రాత్రికి రాత్రే, ఎర్రగా వాచిపోతే

నేను పొరబడింది ఇక్కడే కనుక దీన్ని వివరంగా చెప్పాలి. రొయ్యల గుంటలు చేసే రైతు ఒకాయన, అరవై దాటిన మనిషి, ఒక జనవరి ఉదయం నేను షాపు తెరిచేసరికే ఎడమకాలి చెప్పు చేత్తో పట్టుకొని మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రబడి, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది. రాత్రి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయానన్నాడు. "గుంట గట్టున చలికి పట్టేసింది, అబ్బయ్యా" అంటే నేనూ అలాగే అనుకొని నొప్పి మాత్రలిచ్చి పంపాను. మరుసటి చలికాలం మళ్లీ అదే వేలు, మళ్లీ అవే మాత్రలు. మూడో ఏడు గానీ ఆయన వేసుకునే బీపీ మాత్ర చూపించమని అడగాలని నాకు తోచలేదు. జేబులోంచి తీసింది కత్తెరతో కత్తిరించిన సగం స్ట్రిప్పు. మందు పేరు మొదటి భాగమే దాని మీద మిగిలింది, రెండో మందు కలిసిందని చెప్పే చివరి 'హెచ్' అక్షరం తెగిన ముక్కతో పోయింది. వెనుక రేకు మీది సన్నటి అక్షరాలను వెలుతురుకు పట్టి చూస్తే టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు అని ఉంది.

ఆ రెండో మందు ఉప్పును, నీటిని మూత్రంలో పంపించి బీపీని తగ్గిస్తుంది గానీ, మూత్రపిండాలు ఒంట్లో తయారయ్యే వ్యర్థమైన యూరిక్ యాసిడ్‌ను బయటకు పంపడాన్ని కూడా తగ్గిస్తుంది. క్లోర్తాలిడోన్ అయినా అంతే. గుండె కోసం రోజూ వేసుకునే చిన్న ఆస్ప్రిన్ దానికి కొంత తోడవుతుంది. అలా రక్తంలో పెరిగిన యూరిక్ యాసిడ్, శరీరంలో వేడి తక్కువగా ఉండే చోట సులభంగా స్ఫటికాలు కడుతుంది, కాలి బొటనవేలు అలాంటి చోటు. దీనినే గౌట్ అంటారు. కాబట్టి చలి అన్న రైతు మాటలో కొంత నిజముంది, అయితే మూలం మాత్రలో ఉంది. చలికాలంలో దాహం వేయక మనం నీళ్లు తక్కువ తాగుతాం, మన తీరంలో రొయ్యలు, చేపలు ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. అవి కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి.

పరిష్కారం బీపీ మాత్ర మానేయడం కాదు. వాచిన వేలిని ఫోనులో ఫోటో తీసి, పూర్తి స్ట్రిప్పుతో సహా వైద్యుడికి చూపించి, యూరిక్ యాసిడ్‌ను పెంచని బీపీ మందుకు మార్చవచ్చా అని నేరుగా అడగండి. లోసార్టాన్ అనే బీపీ మందు దాన్ని కొద్దిగా తగ్గిస్తుంది కూడా. పరీక్ష విషయంలో ఒక చిక్కుంది. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు, అది చూసి గౌట్ కాదని తేల్చేయకూడదు, రెండు వారాల తరువాత మళ్లీ చేయించాలి. దానితో పాటు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకుంటున్న మనిషి వాటిపై డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా వేసుకుంటే మూడూ కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. నేను రెండు చలికాలాలు ఆయనకు చేసింది అదే. అప్పటి నుంచి ఎవరు నొప్పి మాత్ర అడిగినా బీపీ మందు ఏదో చూడనిదే ఇవ్వను. ఆయనకు వైద్యుడు మందు మార్చిన తరువాత ఆ వేలు మళ్లీ వాయలేదు. ఒక్క కీలు వాచి, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు, దానికి ఒక్క రోజు కూడా ఆగకూడదు.

స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కనే అడిగి తీసుకోండి.

పొద్దున్నే వేళ్లు ముడుచుకోక బిగుసుకుపోతే

రొమ్ము క్యాన్సర్ చికిత్స తరువాత లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడే స్త్రీలకు ఇది తరచుగా వస్తుంది. రోజూ నడక, వేళ్ల వ్యాయామం బాగా ఉపకరిస్తాయి. భరించలేకపోతే క్యాన్సర్ వైద్యుడు అదే కోవలోని మరో మందుకు మార్చగలరు, అంతవరకు ఆపవద్దు. షుగర్‌కు సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ వంటివి వేసుకునేవారిలో కొందరికి తీవ్రమైన కీళ్ల నొప్పి వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. మందు మొదలుపెట్టి చాలా కాలమైనా రావచ్చు కనుక, పేరు చివర 'గ్లిప్టిన్' ఉంటే వైద్యుడికి గుర్తుచేయండి.

ఇంకొన్ని కారణాలు కూడా ఉన్నాయి. టీబీ చికిత్స మొదటి 2 నెలల్లో నొప్పులు వస్తే పైరజినమైడ్ కారణం కావచ్చు, మందులిచ్చే కేంద్రంలో చెప్పాలి గానీ మానకూడదు. పేరు లేని పొట్లాల పొడి వాడి, మానిన తరువాత ఒళ్లంతా నొప్పులు, కళ్లు తిరగడం ఉంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించాలి. ఏ మందూ వాడకుండానే ఏడాది పొడవునా నడుము, మెడ బిగుసుకుంటూ, ఊళ్లో పిల్లల పళ్లు గార పట్టి ఉంటే, ముఖ్యంగా కనిగిరి వైపు వారైతే, ముందు బోరు నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.