ఆగిపోయిన కంపైలర్‌కి మనుషుల్ని కూడగట్టడం ఎలా?

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. మీరు రాస్తున్న కంపైలర్ సగంలో ఆగిపోతే "సాయం కావాలి, ఎవరైనా రండి" అని పెడితే ఎవరూ రారు. ముందు మీ ప్రాజెక్టు ఇంతవరకూ లేని లాప్‌టాప్ మీద దాన్ని బిల్డ్ చేసి చూడండి, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేయండి, ఎక్కడ ఆగితే అక్కడ రీడ్‌మీ (ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైల్) సరిచేయండి, ఎందుకంటే బిల్డ్ కాకపోతే వచ్చినవాళ్లు మొదటి సాయంత్రమే చెప్పకుండా వెళ్లిపోతారు.

తర్వాత మిగిలిన పనిని ముక్కలు చేయండి. "కోడ్ జనరేటర్ (చివరి కోడ్ తయారుచేసే భాగం) పూర్తి చేయాలి" అంటే భయపడతారు. అదే "వైల్ లూప్‌లో బ్రేక్ రాస్తే జంప్ తప్పు లేబుల్‌కి పోతోంది, ఇదిగో ఐదు లైన్ల ప్రోగ్రాం, ఈ ఫైల్లో చూడండి" అంటే ఆదివారం కూర్చుని చేసేస్తారు. ఫెయిలయ్యే టెస్టు మీరే రాసి ఇస్తే ఇంకా మంచిది. కంపైలర్ల సబ్జెక్టు చదువుతున్న ఇంజినీరింగ్ పిల్లల్ని అడగండి, పార్సింగ్ (ప్రోగ్రాం నిర్మాణాన్ని విడదీసి చదవడం) వాళ్లకి తాజాగా గుర్తుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన ప్యాచ్‌ని (ఎవరైనా పంపిన కోడ్ మార్పుని) రెండు రోజుల్లో చూడండి. జీసీసీ అనే పేరున్న కంపైలర్‌లో మార్పులు లోపలికి వెళ్లడం ఆలస్యమై విసిగిపోయినవాళ్లు 1997లో ఈజీసీఎస్ పేరుతో విడిగా ప్రాజెక్టు మొదలుపెట్టారు, 1999లో అదే అధికారిక జీసీసీ అయింది. కాబట్టి మూడు నాలుగు మంచి ప్యాచ్‌లు పంపినవాళ్లకి నేరుగా కమిట్ చేసే (మార్పుల్ని కోడ్‌లో చేర్చే) హక్కు ఇచ్చేయండి, ఏదైనా పాడైతే మార్పుల చరిత్ర దాచే గిట్‌లో వెనక్కి తీసుకోవచ్చు.